కొనని మాత్రల లెక్క

కర్నూలు కల్లూరులో మా వీధి మొదట్లో ఉన్న మందుల షాపులో, కౌంటరు మీద, ఒక కత్తెర దారంతో కట్టి ఉంటుంది. సాయంత్రం ఏడు దాటితే దానికి తీరిక ఉండదు. పారిశ్రామిక ఎస్టేటులో పని, బేల్దారి పని, హమాలీ పని ముగించుకుని జనం ఇళ్ళకు మళ్ళేది ఆ దారినే. చీటీలో ముప్ఫై మాత్రలు రాసి ఉంటాయి. "నాలుగు దినాలకియ్యన్నా, సాలు. శనివారం కూలి వస్తాది, మిగతాటివి అప్పుడు తీస్కపోతా" అంటుంది ఆమె. షాపాయన షీటు తీసి నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తాడు. గడువు తేదీ షీటుకు ఒక కొసన ఉంటుంది. ఆ కొస షాపులోనే ఉండిపోతుంది. ఆమె కొంగున ముడేసుకుని పోయేది తేదీ లేని నాలుగు మాత్రలు. శనివారం ఆమె వచ్చిందా లేదా అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు.

అదే వరుసలో నిలబడి నేను మా ఇంటికి నెల మందులు ఒక్కసారే తీసుకుంటాను. నోట్లు ఇచ్చి, బిల్లు మడిచి జేబులో పెట్టుకుంటాను. సర్వే చేసేవాళ్ళు మా ఇంటికొచ్చి అడిగితే ఈ కుటుంబానికి మందుల ఖర్చు ఎక్కువ అని రాసుకుంటారు. ఆమె ఇంటికి పోయి అడిగితే తక్కువ అని రాసుకుంటారు. రెండూ నిజమే. ఆ రెండు నిజాలను పక్కపక్కన పెట్టి చదువుకున్నవాళ్ళం తీస్తున్న అర్థం మాత్రం తప్పు. తప్పంటే పొరపాటున జరిగిన తప్పు కూడా కాదు, మనకు అనుకూలంగా ఉంది కాబట్టి దిద్దుకోకుండా వదిలేసిన తప్పు.

ఆమె మాదిగ. ఆమె వెనక నిలబడ్డ పెద్దాయన దూదేకుల. ఆటో దిగి వచ్చిన ఇద్దరు తండా నుంచి వచ్చిన సుగాలీలు. ఈ మాటలు రాయడానికి మొహమాటపడితే ఈ విషయం మీద కలం పట్టడమే దండగ. 2011 జనాభా లెక్కల నాటి కర్నూలు జిల్లాలో 18 శాతం మంది ఎస్సీలు, దాదాపు ఆరో వంతు మంది ముస్లింలు. నల్లమలలో చెంచులున్నారు, మైదానంలో సుగాలీలూ ఎరుకలూ ఉన్నారు. పడమటి మండలాల నిండా బోయలున్నారు. ఇక్కడ బీసీల్లో ఉన్న ఆ బోయలే హద్దు దాటి బళ్ళారి పోతే ఎస్టీలు. ఇంత మందిలో ఎవరు ఎంత మందు కొనగలుగుతున్నారు, ఎవరు ఎంత కొనకుండా మానుకుంటున్నారు అన్నది అడగాల్సిన ప్రశ్న. అడిగితే మూడు జవాబులు వస్తాయి. మూడూ మర్యాదస్తుల నోటి నుంచే వస్తాయి.

అరుగు మీద వినబడేది: "వాళ్ళకేం సామీ, కష్టం చేసే ఒళ్ళు. రాళ్ళు తిన్నా అరిగిపోతాయి. ఈ బీపీలూ షుగర్లూ మన ఖర్మ." కాలేజీ చదువు చదివినవాళ్ళు అనేది: "రోగానికి కులముందా? దోమ కులం అడిగి కుడుతుందా?" ఆఫీసుల్లో చెప్పేది: "అంతా ఆదాయాల తేడా. అది పోతే ఇదీ పోతుంది. అందాకా వైద్య సేవ కార్డుంది, జనరిక్ షాపుంది, 104 బండి ఉంది."

మొదటి మాటను చాలామంది నవ్వి వదిలేస్తారు గానీ నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనబడేది అదే. మిగతా రెండు మాటల పునాది అందులోనే ఉంది. కష్టం చేసేవాళ్ళకు రోగాలు తక్కువన్న నమ్మకానికి ఆధారం ఏమిటి? వాళ్ళు రోగమని చెప్పరు, మందు కొనరు, అంతే. ప్రభుత్వ సర్వేల్లో అడిగే ప్రశ్న "గడిచిన పదిహేను రోజుల్లో మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా" అని. రక్తపోటు ఎప్పుడూ చూపించుకోని మనిషి లేదనే చెబుతాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పత్తి తీసి, మోకాళ్ళు పట్టుకుని లేచే మనిషిని అడగండి. "ఒళ్ళు నొప్పులు రోగమా సార్, పనికి పోతే నొయ్యదా?" అంటుంది. రోగం అనే మాట వాడాలంటే పడుకునే వీలుండాలి. ఒక రోజు పడుకుంటే పొయ్యి వెలగని ఇంట్లో రోగం అనే మాటకు చోటు లేదు.

అమర్త్య సేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఇదే విషయం రాశాడు. అప్పటి లెక్కల్లో దేశంలో ఎక్కువ కాలం బతికేది కేరళ జనం. మాకు జబ్బులున్నాయని ఎక్కువగా చెప్పేదీ కేరళ జనమే. బిహార్‌లో ఆయుష్షు తక్కువ, జబ్బు ఉందని చెప్పేవాళ్ళూ తక్కువ. చెప్పిన జబ్బును బట్టి ఆరోగ్యాన్ని కొలిస్తే కేరళ రోగిష్ఠి రాష్ట్రం, బిహార్ ఆరోగ్యవంతమైన రాష్ట్రం అవుతాయి. అది ఎంత తలకిందులో అందరికీ తెలుసు. రాష్ట్రాల మధ్య ఒప్పుకునే ఈ సంగతిని మన ఊర్లో వాడకూ వాడకూ మధ్య ఎందుకు ఒప్పుకోం?

2022లో వచ్చిన ఒక పరిశోధన చూడండి. సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా కలిసి చేశారు, అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో అచ్చయింది. ఉత్తరాది, తూర్పు వైపు 9 రాష్ట్రాల లెక్కలు తీసుకున్నారు. పై కులాల హిందువులతో పోలిస్తే ఆదివాసీల ఆయుర్దాయం 4 ఏళ్ళకు పైగా తక్కువ. దళితులది 3 ఏళ్ళకు పైగా తక్కువ. ముస్లింలది దాదాపు ఏడాది తక్కువ. మన రాష్ట్రం అందులో లేదు, నిజమే. అయితే రాళ్ళు తిని అరిగించుకునే ఒళ్ళన్న మాటకు ఆ తొమ్మిది రాష్ట్రాల శ్మశానాలు జవాబు చెప్పేశాయి. జబ్బు తక్కువని చెప్పేవాళ్ళే ముందుగా పోతున్నారంటే ఆ "తక్కువ" ఆరోగ్యానికి గుర్తు కాదు.

ఆ పరిశోధనే ఆఫీసు మాటకూ జవాబు. ఆస్తిపాస్తుల తేడాను లెక్కలోంచి తీసేసి చూసినా ఈ ఆయుష్షు తేడా పోలేదు. ఆర్థిక స్థితి వివరించగలిగింది అందులో సగం కన్నా తక్కువ. అసలు ఆ ఆర్థిక స్థితైనా కులానికి దూరంగా ఎక్కడో పుట్టిందా? 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో పల్లెల్లో ఒక మనిషి నెల ఖర్చు సగటున ఎస్టీ ఇళ్ళలో 3,016 రూపాయలు, ఎస్సీ ఇళ్ళలో 3,474, బీసీ ఇళ్ళలో 3,848, మిగతా కులాల్లో 4,392. ఆ నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి వేస్తే మెట్లు కనబడతాయి. పేదరికమే కారణం అనేవాళ్ళు ఆ మెట్లు చూసి, అవి మెట్లెలా అయ్యాయో కూడా చెప్పాలి.

సరే, చేతిలో ఒకే వంద రూపాయలున్న ఇద్దరిని తీసుకుందాం. ఇద్దరికీ ఒకే చీటీ. మా షాపులో అరువు ఖాతా ఉంది, అందరికీ ఉండదు. సొంతిల్లు ఉన్నవాళ్ళకు, నెల జీతం వచ్చేవాళ్ళకు, "ఫలానా వారి తమ్ముడు" అని తెలిసినవాళ్ళకు ఉంటుంది. షాపాయన చెడ్డవాడు కాదు. పోయిన డబ్బు రాబట్టుకోగల చోటే అరువిస్తాడు. రాబట్టుకోగల చోటు అంటే భూమి ఉన్న చోటు, పరిచయం ఉన్న చోటు. మన సీమలో భూమి ఏ కులాలది, పరిచయాలు ఏ కులాలవి అన్నది ఎవరికీ వివరించక్కర్లేదు.

ఇంకో సంగతి చెబుతాను. కంపెనీలు డాక్టర్లకు ఉచితంగా ఇచ్చే శాంపిల్ మందులు ఉంటాయి. అవి ఎవరికి చేరతాయి? మా బంధువుల్లో ఒక డాక్టరు ఉన్నాడు. మా అమ్మకు బీపీ మాత్రలు చాలా నెలలు అలా ఊరికే వచ్చాయి. కొనగలిగిన ఇంటికి ఉచితంగా వచ్చాయి, కొనలేని ఇంటికి కత్తిరించి అమ్ముడుపోయాయి. అప్పట్లో నాకిది తప్పుగా తోచలేదు, ఇప్పుడు తోస్తోంది. డాక్టరు చుట్టం ఉండడం కూడా ఒక ఆస్తే. ఆ ఆస్తి తరాల తరబడి ఏ ఇళ్ళలో పోగుపడిందో జనాభా లెక్కల్లో దొరకదు, పెళ్ళి శుభలేఖల్లో పేర్ల పక్కన ఉన్న డిగ్రీల్లో దొరుకుతుంది.

డబ్బు దాకా పోకముందే, కలం దగ్గరే తెగిపోయే మందులూ ఉన్నాయి. నాతో హైస్కూల్లో చదువుకున్న ఒక సుగాలి మిత్రుడు ఉన్నాడు. వాళ్ళ నాన్నకు తల తిరుగుతోందంటే ఇద్దరం కలిసి ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకుపోయాం. ఏ క్లినిక్కో అనవసరం. రక్తపోటు చూశారు, చాలా ఎక్కువ ఉంది. సూది వేశారు, ఐదు రోజులకు మాత్రలు రాశారు. ఐదు రోజులయ్యాక ఏం చేయాలని నేను అడిగితే అక్కడి మనిషి నన్ను పక్కకు పిలిచి, "వీళ్ళు నెలనెలా వాడేరకం కాదు సార్, రాసినా కొనరు" అన్నాడు. నన్ను చూసి చెప్పాడు, మిత్రుణ్ణి చూసి చెప్పలేదు. జీవితాంతం వాడాలన్న ఒక్క మాట ఆ ముసలాయన చెవిన పడలేదు. తల తిరగడం తగ్గింది, మాత్రలు అయిపోయాయి, ఆయన పొలం పనికి పోయాడు. తర్వాతి ఏడాది కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆయన మాత్రలు కొనలేదు కాబట్టి ఆ ఇంటి మందుల ఖర్చు ఆ ఏడాది తక్కువే. కొనడన్న తీర్పు ఆయన జేబు తడమకముందే, ఆయన కట్టుకున్న పంచె చూసి, మాట యాస విని ఇచ్చేశారు.

ఇది ఒక్క క్లినిక్కు కథ అనుకుంటే సంఘమిత్ర ఆచార్య 2010లో గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లల మీద చేసిన అధ్యయనం చదవాలి. పిల్లలకు వైద్యం అందేటప్పుడు ఎక్కడెక్కడ వివక్ష ఎదురవుతుందో ఆమె విడదీసి చూశారు. ఎక్కువగా బయటపడిన చోట్లలో ఒకటి మందు చేతికిచ్చే చోటు, తాకకుండా ఇవ్వడం. మందు పనిచేయాలంటే కడుపులోకి పోవాలి. కడుపులోకి పోవాలంటే ముందు చేతికి రావాలి. ఆ చేతికీ ఈ చేతికీ మధ్య ఏముందో రోగానికి కులం లేదు అనేవాళ్ళు చూడాలి. దోమకు కులం లేదని నేనూ ఒప్పుకుంటాను. దోమ కుట్టాక మొదలయ్యే ప్రయాణంలో, ఆరెంపీ దగ్గర, ఆటోలో, ఓపీ వరుసలో, చీటీ మీద, కౌంటరు దగ్గర, అడుగడుగునా కులం ఉంది.

ఆరెంపీ పేరెత్తాను కాబట్టి ఒక మాట. పేద వాడల్లో మందుల మీద పెట్టే ఆ కాస్త డబ్బులోనూ చాలా భాగం పనికొచ్చే మందు మీద పోవడం లేదు. నీరసంగా ఉందంటే సెలైను బాటిల్, ఒళ్ళు నొప్పులంటే సూది, ఒక బలం టానిక్. దీన్ని చూపించి "అనవసరపు ఖర్చు వాళ్ళే చేస్తారు" అనడం అన్యాయం. పనికి మర్నాడే లేవాల్సిన మనిషి, మర్నాడే లేపుతానన్న వాడి దగ్గరకు పోతాడు. రాత్రి తొమ్మిదింటికి వాడలోకి వచ్చేది ఆరెంపీ ఒక్కడే. అందుకే రూపాయల మొత్తం చూసి తృప్తి పడినా తప్పే. రెండు ఇళ్ళలో ఒకే ఐదు వందలు ఖర్చయినా ఒక ఇంట్లో అది నెలకు సరిపడా షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర అమ్లోడిపిన్, పరీక్షలు. ఇంకో ఇంట్లో రెండు సెలైను బాటిళ్ళు.

ఇక వైద్య సేవ కార్డు. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. గుండె ఆపరేషనుకు ఆస్తులమ్ముకునే కాలం అది వచ్చాక మారింది. కాదనను, మా వీధిలోనే చూశాను. కానీ దాని నిర్మాణం ఏమిటి? అది మంచానికి కట్టిన పథకం. ఆసుపత్రిలో చేరితే పనిచేస్తుంది. కొన్ని జబ్బులకు డిశ్చార్జి తర్వాత కొంతకాలం మందులు కూడా ఇస్తారు. మంచం ఎక్కకుండా ఆపే రోజువారీ మాత్ర మాత్రం దాని పరిధిలో లేదు. జనరిక్‌లో అమ్లోడిపిన్ మాత్ర రూపాయి కన్నా తక్కువకు వస్తుంది. ఆ రూపాయి పడాల్సిన రోజు ఎవరూ పట్టించుకోరు. పక్షవాతం వచ్చాక వేలూ లక్షలూ ప్రభుత్వమే కడుతుంది. మా మిత్రుడి తండ్రికి జరిగింది అచ్చంగా అదే.

జాతీయ నమూనా సర్వే 2014లో చూస్తే, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం ఖర్చులో పల్లెల్లో 72 శాతం, పట్టణాల్లో 68 శాతం మందులకే పోయింది. అంటే సామాన్యుడి జేబుకు చిల్లు పడే చోటు మందుల కౌంటరు. మన పథకాలు కాపలా కాస్తున్నది ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర.

ఇక్కడే ఇంకో అంకె తెచ్చి చూపిస్తారు. దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22కల్లా 39.4 శాతానికి తగ్గింది. ప్రభుత్వం ఎక్కువ పెట్టడం వల్ల తగ్గిన మేరకు అది సంతోషించాల్సిన విషయం. కానీ జేబు ఖర్చు రెండు రకాలుగా తగ్గుతుంది. మందు ఉచితంగా దొరికినా తగ్గుతుంది, మందు కొనడం మానేసినా తగ్గుతుంది. ముప్ఫై రాస్తే నాలుగు కొన్న మనిషి కూడా ఆ తగ్గుదలకు తన వంతు సాయం చేసింది. రెండిటినీ విడదీసి చూపించని అంకెను విజయంగా చెప్పుకోకూడదు. విడదీసినా కులం వారీగా, మతం వారీగా చూపకపోతే సగం మాటే చెప్పినట్టు.

ఖర్చును అవసరానికి కొలబద్దగా పెట్టుకుంటే ఏమవుతుందో అమెరికాలో బయటపడింది. మన వీధికొకరు ఉన్న దేశం కాబట్టి చెబుతున్నాను. అక్కడి ఆసుపత్రుల్లో ఎవరికి అదనపు సంరక్షణ కావాలో కంప్యూటర్ లెక్క ఒకటి నిర్ణయించేది. ఆ లెక్కలో జాతి అన్న మాటే లేదు. రేపు ఎవరి మీద ఎక్కువ ఖర్చవుతుందో అంచనా కట్టి, వాళ్ళకే అవసరం ఎక్కువని తీర్మానించేది. 2019లో సైన్స్ పత్రికలో ఓబర్‌మేయర్, ఆయన సహచరులు దాని గుట్టు విప్పారు. ఒకే మార్కు వచ్చిన ఇద్దరిలో నల్లజాతి రోగి ఎక్కువ జబ్బుతో ఉన్నాడు. అతని మీద అంతకుముందు తక్కువ ఖర్చు పెట్టారు కాబట్టి, అతనికి అవసరం తక్కువని యంత్రం నమ్మింది. ఆ తప్పు దిద్దితే అదనపు సంరక్షణకు ఎంపికయ్యేవాళ్ళలో నల్లవాళ్ళ వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేల్చారు. కులం ఎత్తకపోతే కుల వివక్ష ఉండదనుకునే మన మంచివాళ్ళు దీన్ని రెండుసార్లు చదవాలి. జాతి పేరెత్తకుండానే, ఖర్చు అనే ఒక్క మాట ద్వారా, జాతి ఆ యంత్రంలోకి నడిచి వచ్చింది.

రెండేళ్ళ తర్వాత, 2021లో, అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన లెక్క ఇంకా దగ్గరగా మన కథే. 2016లో అక్కడి వైద్య ఖర్చులో 72 శాతం తెల్లవాళ్ళది, జనాభాలో వాళ్ళు 61 శాతం. నల్లవాళ్ళ మీద బయటి రోగులుగా పెట్టిన ఖర్చు మొత్తం జనాభా సగటు కన్నా 26 శాతం తక్కువ. ఆసుపత్రిలో చేరాక పెట్టింది 19 శాతం ఎక్కువ, అత్యవసర విభాగంలో పెట్టింది 12 శాతం ఎక్కువ. ముందు మాత్ర లేదు, తర్వాత మంచం ఉంది. మా హంద్రీ నది ఒడ్డున ఉన్నా అట్లాంటిక్ ఒడ్డున ఉన్నా వెనక్కి నెట్టబడిన మనిషి వైద్యం ఈ వరుసలోనే నడుస్తోంది.

జనరిక్ షాపు మాట కూడా చూద్దాం. జన ఔషధి 2008లో మొదలైంది, 2025 మొదటికి దేశంలో 15,000 షాపులు దాటాయి. మంచి పని. కానీ చీటీ మీద బ్రాండు పేరుంటే ఆ షాపు తలుపు దగ్గరే ఆగిపోతాం. డాక్టర్లు జనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చింది, డాక్టర్ల సంఘాలు ఒత్తిడి తెస్తే అదే నెలలో పక్కన పెట్టింది. చీటీలో ఉన్న బ్రాండుకు బదులు ఏది తీసుకోవచ్చో నాకు తెలుసు, గూగుల్లో చూసుకుంటాను, షాపాయనతో వాదిస్తాను. ఇంగ్లీషు చదవలేని మనిషి చీటీలోని అక్షరం మారితే మందే మారిందని భయపడుతుంది. ఆ భయం మూఢత్వం కాదు, మోసపోయిన అనుభవం. ధరల సంగతి చెప్పాలంటే, 2024 అక్టోబరులో కేంద్ర ధరల సంస్థ 8 మందుల గరిష్ఠ ధర 50 శాతం పెంచుకోనిచ్చింది. అందులో ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ ఉంది, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ ఉంది. రాతి దుమ్ములో, పత్తి దుమ్ములో పనిచేసేది ఎవరు? ఇదంతా జరుగుతున్నది దేశానికే మందుల కర్మాగారమని చెప్పుకునే హైదరాబాదుకు నాలుగు గంటల దూరంలో.

"డబ్బుల్లేక కాదు, మందుకు పెట్టి మందులకు పెట్టరు" అని ఇంకో మాట ఉంది. తాగుడు ఇళ్ళు కూల్చడం నాకు తెలుసు. కానీ తాగేది ఆ వాడల్లోనేనా? బార్ల ముందు ఆగిన కార్లు ఎవరివి? కార్లున్న ఇంట్లో తాగితే బీపీ మాత్ర ఆగదు, అంతే తేడా. పైగా ఈ రాష్ట్రంలో సారా మీద పోరాడింది ఎవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు, ఎక్కువమంది ఎస్సీ, బీసీ కూలి ఇళ్ళవాళ్ళు. 1993 అక్టోబరులో సారా నిషేధం వాళ్ళు తెచ్చిందే. వాళ్ళకు బాధ్యత నేర్పే అర్హత అరుగుల మీద ఎవరికీ లేదు.

చివరికి వచ్చే అభ్యంతరం ఒకటుంది: కులం వారీగా, మతం వారీగా మందుల లెక్క తీస్తే మనుషుల మధ్య చిచ్చు పెట్టినట్టవుతుందని. చీటీ మీద కులం రాయమని నేను అనడం లేదు. కౌంటరు దగ్గర ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. సర్వేల్లో కులం ఇప్పటికే అడుగుతున్నారు. 2024 జనవరిలో మన రాష్ట్రంలో కుల గణన మొదలుపెట్టారు, రాబోయే జనగణనలో కులం లెక్కిస్తామని 2025 ఏప్రిల్లో కేంద్రం ప్రకటించింది. ఆరోగ్య సర్వేలో రెండు ప్రశ్నలు చాలు: డాక్టరు ఎన్ని మాత్రలు రాశాడు, ఎన్ని కొన్నారు. వచ్చిన జవాబును జిల్లా వారీగా, సామాజిక వర్గాల వారీగా అచ్చు వేయాలి. ఖర్చు పట్టిక పక్కనే ఈ పట్టిక ఉండాలి. లెక్క తీయకపోవడం వల్ల చిచ్చు ఆగలేదు, అది ఒక వైపు ఇళ్ళలో నిశ్శబ్దంగా రగులుతూనే ఉంది.

ఈ మాటే మా షాపాయనతో అన్నాను. అరువు పుస్తకంలో ఒక పేజీ విడిగా పెట్టి, సగం మాత్రలు తీసుకుపోయి మళ్ళీ రానివాళ్ళ లెక్క రాయమన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "వాళ్ళు మనకు బాకీ లేరు కదా సార్, ఏమని రాయాల?" అని అడిగాడు.

లెక్కలు వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటి ఉంది. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుంచి ఏటా సుగ్గికి పోతారు. పత్తి తీతకు, సంక్రాంతి దాటాక మిరప కోతకు, గుంటూరు వైపు. ఇళ్ళకు తాళాలేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని, గిన్నెలు మూటగట్టుకుని పోయి ఉగాదికి తిరిగొస్తారు. పోయేవాళ్ళు ఎక్కువగా మాదిగలు, బోయలు, ఇంకా బీసీ కూలీలు. వాళ్ళ ఊరికి 104 బండి వస్తుంది, నెలకు సరిపడా మాత్రలు ఇస్తుంది. రెండో నెల బండి వచ్చేసరికి ఊరు ఖాళీ. మిరప తోటలో గుడిసె వేసుకున్న మనిషికి అక్కడి ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో తెలియదు, తెలిసినా కూలి వదులుకుని పోలేడు. ఉచిత మాత్రకు ఒక రోజు కూలి, ఆటో ఛార్జీ ఖరీదు కట్టాల్సి వస్తే అది ఉచితం కాదు. లారీ కదలక ముందే, వాళ్ళ ఊర్లోనే, నాలుగు నెలల బీపీ మాత్రలు, షుగరు మాత్రలు పూర్తి షీట్లుగా, పేరూ గడువు తేదీ కనబడేలా చేతికివ్వాలి. ఈసారి పత్తి పగలడానికి ఎంతో కాలం లేదు.